మూడవ పాలు

శుకశైలం దూరం నుంచి చూసేవాళ్ళకు పచ్చల రాశిలా కనిపిస్తుంది. దగ్గరికి వెళితే ఆ పచ్చదనం చెట్లది కాదనీ, నాచు పట్టిన రాళ్ళదనీ తెలుస్తుంది. చుట్టూ అడుగు కనిపించని లోయ. లోయ నడుమ ఒంటిస్తంభంలా కొండ. కొండ నెత్తిన మాంత్రికుడు వక్రకంఠుడి కోట. బురుజులన్నీ చిలక ముక్కుల్లా ముందుకు వంగి ఉంటాయి. గుమ్మాలకు పగడాల తోరణాలు, గవాక్షాలకు వెండి పంజరాలు. మధ్యాహ్నపు ఎండ ఆ వెండి మీద పడి చెదిరి, చేపపిల్లల గుంపులా లోయలోకి జారిపోతూ ఉంటుంది.

లోయ ఇవతలి ఒడ్డున, పాలవాడి వేషంలో ఉన్న రాకుమారి తరళ భుజం మీది కావడి దింపి తలపాగా సర్దుకుంది.

"తాతా, మీసం ఊడేట్టుంది."

"పైపెదవి కదపకుండా మాట్లాడు తల్లీ. అది చింతగింజల జిగురు. ఎండకు వదలదు, నీ మాటలకే వదులుతుంది" అన్నాడు బోధన్న.

బోధన్న చంపకావతీ నగరంలో బొమ్మల వీధిలో కొయ్యబొమ్మలు చెక్కే ముసలివాడు. అతని పూరిపాకలో పిల్లలు మట్టి పిసుకుతూ, తాటాకులు మడుస్తూ, చింతగింజలు పేరుస్తూ లెక్కలు నేర్చుకునేవారు. రాజుగారి గురుకులంలో ఆడపిల్లలను చేర్చుకోరు గనక చిన్ననాడు తరళ ఆ పాకకు పారిపోయేది. గురుకులం తలుపు మూయడమే తనకు జరిగిన మొదటి మేలని ఆమెకు ఆలస్యంగా తెలిసింది.

ఎలా తెలిసిందంటే, ఏడు రోజుల కిందట వక్రకంఠుడు పండితుడి వేషంలో ఆ గురుకులానికి వచ్చాడు. వాగీశాచార్యులవారు విద్యార్థులను వరసగా నిలబెట్టి గొప్ప సూత్రమొకటి చదివించారు.

"కుంభమునందలి మూడవ పాలు శంఖము పట్టునది."

నలభై గొంతులు ఒక్క గొంతై పలికాయి. రాకుమారి తమ్ముడు, కాబోయే యువరాజు మకరందుడి గొంతు అందరికంటే పైన వినిపించింది.

"బాగు బాగు. దాని అర్థమేమిటి స్వామీ?" అని అడిగాడు వక్రకంఠుడు.

"అర్థానికేమి, ఆచారమే ఉంది. మా నాన్నగారి నాటి నుంచి ప్రతి అమావాస్యకూ ఆవును మూడోసారి పితికి, ఆ మూడవ పాలు శంఖంలో పోసి పూజ చేస్తున్నాం" అన్నారు ఆచార్యులు.

"అదే ఎందుకని?"

నలభై గొంతులూ, నలభై ఒకటో గొంతు ఆచార్యులవారిదీ, మళ్ళీ అదే సూత్రం పలికాయి. అంతే. వక్రకంఠుడి వరమే అది. అర్థం తెలియని మాటతో తనకు జవాబు చెప్పిన గొంతు అతని సొత్తవుతుంది. పంచెలు, ఉత్తరీయాలు ఎగిరిపోయి ఈకలైనాయి. నలభై ఒక్క చిలకలు శుకశైలం దారి పట్టాయి. ఏడో నాటి పొద్దుగూకేలోగా విడిపించకపోతే ఆ గొంతులు మళ్ళీ మనిషి మాట ఎరగవు.

ఇది ఏడో నాడు. పొద్దు పడమటికి వాలింది.

ఒడ్డున వంతెనకు కావలిగా డోలోదరుడనే రాక్షసుడున్నాడు. పొట్ట పెద్ద డోలంత, గదను ఆనించుకోవడానికి ఆ పొట్టే ఆధారం.

"ఎవర్రా? కొత్త మొహంలా ఉంది. రోజూ వచ్చే సూరిగాడేడి?" అని గర్జించాడు.

"బావకి జొరమండి. నేను బావమరిదిని. చిలకలకి పాలు తెచ్చాను" అంది తరళ, పెదవి కదపకుండా.

"మీగడ తీసేశావా?"

"తీయలేదండి. మీ కోసమే ఉంచాను."

డోలోదరుడి కళ్ళు చెమర్చాయి. నూరేళ్ళుగా ఆ ఒడ్డున నిలబడ్డాడు, మీగడ అతని కోసమని ఉంచినవాడు లేడు. ఒక కుండ ఎత్తి గటగటా తాగాడు. అందులో బోధన్న కలిపిన గసగసాలు కాస్త ఎక్కువే. గద పొట్ట మీద నుంచి జారకముందే గుర్రు మొదలైంది.

అప్పుడు కనిపించింది అసలు చిక్కు. వంతెనకు పలకలు లేవు, తాళ్ళు లేవు. కొండ మీద చిలకలు ఆపకుండా సూత్రం పలుకుతుంటే ఆ అక్షరాలే గాలిలో గడ్డకట్టి, ఒకదాని పక్కన ఒకటి లోయ మీద పరుచుకుంటున్నాయి. ఆ అక్షరాల మీదే నడవాలి.

"సున్న మీద కాలు వేయకు, దొర్లుతుంది. కొమ్ము పట్టుకో" అన్నాడు బోధన్న.

తరళ 'కుం' మీద కొమ్ము పట్టుకుని, 'భ' పొట్ట మీదుగా దాటి, 'మూడవ' మీద నిటారుగా నడిచింది. 'పాలు' నున్నగా ఉంది, జారింది. కావడి ఊగింది. కింద లోయలో గాలి బుస కొట్టింది. 'శంఖము' దగ్గర ఆమె కాలు పిండిలో దిగినట్టు దిగబడిపోయింది. 'ఖ' అక్షరం పుచ్చిన గుమ్మడికాయలా పగిలి కిందికి రాలింది. ఎక్కడా చప్పుడు వినపడలేదు. బోధన్న వెనక నుంచి ఆమె నడుము కట్టు పట్టుకుని లాగాడు.

"తప్పు మాట తల్లీ. తప్పు మాట మీద బరువు ఆనదు. ఒక్క గెంతు గెంతు."

గెంతింది. ముసలివాడూ గెంతాడు. భుజం మీద సంచి మాత్రం వదల్లేదు.

కోట లోపలి ముంగిట మధ్యన పెద్ద మోదుగ చెట్టు. దాని కొమ్మల నిండా చిలకలు. చెట్టు కింద రత్నపీఠం మీద వక్రకంఠుడు. అతని మెడకు మూడు వంకరలు, ఒక్కో వంకరకు ఒక్కో ముత్యాల పేరు. ఎదురుగా నల్లరాతి గుండిగ ఒకటి, పీపాలా నిటారైన గోడలతో నిలబడి ఉంది. పక్కన బంగారు శంకువు, అంటే పొట్లం చుట్టినట్టు నోరు వెడల్పుగా, అడుగు మొనగా ఉండే పాత్ర. దాని నోరూ గుండిగ నోరూ ఒకటే వెడల్పు, దాని ఎత్తూ గుండిగ ఎత్తూ ఒకటే. గోడలోని సింహముఖం నుంచి సన్నగా నీటిధార పడుతోంది.

"పాలక్కడ పెట్టి పో" అన్నాడు వక్రకంఠుడు.

"పెట్టడానికి రాలేదండి. మూడవ పాలు సంగతి తేల్చడానికి వచ్చాను."

మాంత్రికుడి మెడ వంకరలు మూడూ ఒకేసారి కదిలాయి. ముత్యాలు గలగలమన్నాయి. "ఓహో. మీసం పక్కకు జరిగింది, సర్దుకో. పందెం తెలుసుగా? ఆ బంగారు పాత్రతో ధార పట్టి గుండిగ నింపాలి. ఎన్నిసార్లు పోస్తే నిండుతుందో ముందే చెప్పాలి. చెప్పినట్టే నిండితే ఆ నీరు తాగిన చిలక మనిషవుతుంది. తప్పితే ఆ కొమ్మ మీద నీకూ చోటుంది."

తరళ గుండిగ వంక చూసింది. శంకువు వంక చూసింది. కంటికి రెండుసార్లేనని తోస్తుంది. ఎనిమిదేళ్ళ వయసులో ఇలాగే రెండని పందెం కట్టి, బోధన్నకు అరచేతంత బెల్లం అచ్చు ఓడిపోయింది. ఓడింది గుర్తుంది, గెలిచిన జవాబూ గుర్తుంది. కానీ గుర్తున్నది మాత్రమే చెబితే అదీ చిలకపలుకే అవుతుందేమోనని ఆమెకు భయం వేసింది.

"చేసి చూసి చెబుతాను" అంది.

"ఆటలా?"

"ఆటలే."

బోధన్న సంచి విప్పాడు. తాటాకు, ముళ్ళు, చిన్న కత్తి. తరళ నేల మీద చతికిలబడి ఆకును గొట్టంలా చుట్టి ముల్లు గుచ్చింది. ఇంకో ఆకును పొట్లం చుట్టింది. పొట్లాన్ని గొట్టంలోకి దించి చూసింది. మొన అడుగును తాకాలి, నోరు నోటికి సరిపోవాలి. కాస్త వదులైంది. విప్పి మళ్ళీ చుట్టింది. చెట్టు కింది ఇసుక పొట్లంలో నింపి, పైన కత్తితో చదును చేసి, గొట్టంలో పోసింది.

ఒకటి.

వక్రకంఠుడు వేలు ఆడించాడు. ముంగిట్లో సుడిగాలి లేచింది. బోధన్న తన ఉత్తరీయం విప్పి, పాకలో వాన కురిసినప్పుడు పిల్లల బొమ్మల మీద కప్పినట్టుగా, గొట్టం చుట్టూ కప్పి తానూ దాని మీదికి వంగాడు. గాలి అతని పిలక పీకింది గాని ఇసుక రేణువు కదల్లేదు.

రెండు. గొట్టంలో ఇంకా చోటుంది.

మూడు. ఇసుక అంచుకు వచ్చి ఆగింది. పైన గోరంత వెలితి లేదు, కింద ఒక్క రేణువు ఒలకలేదు.

"మూడు" అంది తరళ.

"ఎందుకు మూడు? నాలుగెందుకు కాదు?" మాంత్రికుడు మెడ చాచాడు. ఉచ్చు అక్కడే ఉంది.

"తెలియదు."

"ఏమన్నావు?"

"ఎందుకో ఇంకా తెలియదండి. మూడని మాత్రం నా చేతులకు తెలుసు. తెలియదు అన్న మాటకు అర్థం నాకు బాగా తెలుసు, కాబట్టి నన్ను చిలకను చేయలేరు."

మాంత్రికుడు ముక్కుతో గాలి వదిలాడు. అతని వరంలో ఆ మాటకు మందు లేదు. తరళ బంగారు పాత్రతో మూడుసార్లు ధార పట్టి పోసింది. గుండిగ అంచుదాకా నిండి, నీలమణిలా మెరిసింది.

"నిండింది. ఇక మా వాళ్ళను వదలండి."

"నిన్ను వదిలాను, వెళ్ళు. వాళ్ళు తాగితే చిలకలు నీళ్ళు తాగినట్టే అవుతుంది" అని నవ్వాడు వక్రకంఠుడు. "చేసి చూసినవాళ్ళకే ఆ నీరు పనిచేస్తుంది. నువ్వు చేస్తే తెలిసింది నీకు. వాళ్ళకేం తెలిసింది?"

పొద్దు కోటగోడకు తాటిచెట్టెత్తున ఉంది.

తరళ ఒక్క క్షణం బోధన్న వంక చూసింది. ఆయన అప్పటికే మోదుగాకులు దూసి కుప్ప పోస్తున్నాడు. "నలభై ఒక్కమంది. మన పాకలో వానాకాలం ఇంతకంటే ఎక్కువే ఉండేవారు" అన్నాడు తాపీగా. తర్వాత చెట్టు వైపు తిరిగి, "దిగండర్రా. విస్తరి కుట్టడానికి ఈనెపుల్ల కావాలి, పట్టుకోవడానికి పటకారు కావాలి. మీ ముక్కే పటకారు, ఇంతకంటే ఏం కావాలి?" అని పిలిచాడు.

చిలకలు దిగాయి. ముంగిలంతా కాసేపు పెళ్ళివారి వంటశాలైంది. ఒకడు ఆకు చుట్టి వదిలితే అది వాడినే చుట్టేసింది. ఒకడు గొట్టం అడుగు మూయడం మరిచి, ఎన్నిసార్లు పోసినా నిండలేదని ఏడ్చాడు. ఇద్దరు ఒకే ఆకు కోసం ఈకలు పీక్కున్నారు. "మొన తాకిందా చూడు, నోరు సరిపోయిందా చూడు" అంటూ తరళ ఒక్కొక్కరి దగ్గరకూ పరుగెత్తింది. మీసం ఎప్పుడో రాలిపోయింది.

చివరి వరసలో కూర్చునే ఓ బక్కచిలక రెండు పొట్లాల ఇసుక పోసి, తల వంచి లోపలికి చూసి, "అబ్బో, ఇంకా పట్టేట్టుందే" అంది. ఏడు రోజుల్లో సూత్రం కాని మాట చిలక నోట వినపడటం అదే మొదలు. మూడోది పోసి, గుండిగ నీరు ముక్కుతో అందుకుంది. చూస్తుండగానే ఈకలు రాలి, పంచె కట్టుకున్న కుర్రాడు నిలబడ్డాడు. ఇక ఆగలేదు. ఐదుగురు, పన్నెండుగురు, ముప్ఫై మంది.

వాగీశాచార్యుల చిలక మాత్రం మూడో పొట్లం పోశాక చాలాసేపు ఆ గొట్టాన్నే చూస్తూ ఉండిపోయింది.

"పాలంటే వాటా. మూడో వాటా. గుండిగలో మూడో వాటా శంకువులో పడుతుందని మా తాతగారు రాస్తే..." అని గొణిగింది. "శంకువు పోయి శంఖమైంది. నలభై ఏళ్ళు ఆవులను అనవసరంగా మూడోసారి పితికించాను బోధన్నా. దూడ తాగాల్సిన పాలు."

"పైనెల నుంచి తాగుతుందిలెండి. ముందు నీళ్ళు తాగండి" అన్నాడు బోధన్న. ఆచార్యులు తాగి మనిషై, ఎవరూ అడగకముందే పక్కవాడి ఆకు పట్టుకుని కూర్చున్నారు.

మిగిలింది మకరందుడు. చిలకైనా రాజఠీవి పోలేదు. అందరికంటే అందంగా ఆకు చుట్టాడు. ఒకటి పోశాడు, రెండు పోశాడు.

"తమ్ముడూ, పొద్దు అంచుకొచ్చింది. మూడోది పొయ్యి."

"తెలిసిందేగా అక్కా, మూడని. అందరూ చెబుతూనే ఉన్నారు" అని ఎగిరి వెళ్ళి గుండిగలో ముక్కు ముంచాడు.

సరిగ్గా అప్పుడే సూర్యుడు కోటగోడ వెనక దిగాడు. ఈకలు రాలాయి. తల వచ్చింది, మొండెం వచ్చింది, కాళ్ళు వచ్చాయి. భుజాల దగ్గర ఆగిపోయింది. చేతులుండాల్సిన చోట రెండు పచ్చని రెక్కలు అలాగే ఉండిపోయాయి. మకరందుడు వాటిని విప్పి, మూసి చూసుకున్నాడు.

"మూడవ పాలు చిలక" అని వక్రకంఠుడు పొట్ట పట్టుకుని నవ్వాడు. కానీ నవ్వు సగంలోనే ఆగింది. చెట్టు మీద పలికేవాళ్ళు లేరు. లోయ మీది అక్షరాలు ఒక్కొక్కటే చీకటిలో రాలిపోతున్నాయి. ఎప్పుడూ ఏవో చిలకపలుకుల మీదే నిలిచే ఆ కొండ కూడా, పుచ్చిన పన్నులా ఓసారి కదిలింది. గుండిగ బీటలు వారి నీరంతా ఇసుకలోకి ఇంకిపోయింది. మాంత్రికుడు బంగారు శంకువు చంకన పెట్టుకుని, మెడ నిటారుగా సాచి నల్లని కొంగై ఎగిరాడు. "ఆ చేతులు కావాలంటే ఈ పాత్ర వెతుక్కుంటూ రండి" అన్న మాట ఉత్తర దిక్కుగా దూరమైంది.

కొండ మళ్ళీ కదిలింది. ఒక బురుజు లోయలోకి జారింది.

"అక్కా." మకరందుడి గొంతులో ఠీవి లేదు. "నేను ఎగరగలనేమో. తాడుంటే అవతలికి తీసుకెళ్ళి కడతాను. ఎంత తాడు కావాలి?"

వాడు జవాబు చెప్పకుండా ప్రశ్న అడగడం తరళ పుట్టి బుద్ధెరిగాక వినలేదు.

"కొలుద్దాం" అంది.

లోయ అంచున నిటారుగా నిలబడి తలపాగాను నొసటి మీదికి లాగింది. పాగా అంచు అవతలి ఒడ్డును తాకినట్టు కనిపించే దాకా దించింది. గడ్డం కదలకుండా, మడమ మీద వెనక్కు తిరిగింది. ఇప్పుడు అదే అంచు ముంగిట్లో ఒక తెల్లరాయిని తాకుతోంది. "ఆ రాయి ఎంత దూరమో లోయ అంత వెడల్పు. చేతులు లేవుగా, కాళ్ళతో కొలువు."

మకరందుడు మడమకు మునివేళ్ళు ఆనిస్తూ రాయి దాకా నడిచాడు. ఒక్క అడుగూ దాటవేయలేదు. "నూట అరవై పాదాలు అక్కా. రెండు పాదాలు నాకు మూరకు వస్తాయి. ఎనభై మూరలు."

నలభై ఒక్క ఉత్తరీయాలు నేల మీద పడ్డాయి. ఒక్కోటి నాలుగు మూరలు. రెండేసి కలిపి గట్టిగా పేనితే, ముడులు పోను, నాలుగు జానలు తక్కువ పడింది. తరళ తలపాగా విప్పి చివర ముడి వేసింది. జడ నడుము దాకా జారింది. గురుకులం పిల్లలు నోళ్ళు తెరిచారు. "రాకుమారిగారా" అన్నాడు బక్కకుర్రాడు. "ముందు ముడి బిగించు" అంది ఆమె.

తాడు కొసను తమ్ముడి నడుముకు కట్టింది. "అక్కడ చెట్టుకు కాళ్ళతో, పళ్ళతో ఎలాగైనా కట్టు. కట్టాక మూడుసార్లు లాగు. ఒకటి గాలి కావచ్చు. రెండు నీ వణుకు కావచ్చు. మూడోది మాత్రం నువ్వే. విన్నావా?"

"మూడు" అన్నాడు వాడు. ఈసారి ఆ మాటను రాయిలా బరువుగా పలికాడు. కళ్ళు మూసుకుని దూకాడు.

పడ్డాడు. తాడు జరజరా జారింది. పిల్లలు ఇవతలి కొసను గట్టిగా పట్టుకున్నారు. లోయ లోపల ఎక్కడో రెక్కలు పటపటమన్నాయి. తాడు కింద నుంచి పక్కకు, పక్క నుంచి పైకి సాగింది. తర్వాత ఆగింది.

మునిమాపు వెలుగులో అవతలి ఒడ్డున ఏదో లేచి కూర్చుంటున్నట్టు కనిపించింది. డోలంత పొట్ట. గద కోసం నేల తడుముతున్న చెయ్యి. డోలోదరుడికి మెలకువ వచ్చింది.

కాళ్ళ కింద కొండ మూలిగింది. నలభై మంది ఒక్క తాడు పట్టుకుని నిలబడ్డారు. బోధన్న సంచి భుజాన వేసుకుని తాడు మీద అరచెయ్యి ఆనించాడు. తరళ కళ్ళు అవతలి ఒడ్డునే ఉన్నాయి.

తాడు ఒకసారి కదిలింది.

రెండోసారి కదిలింది.